సేలం జిల్లా ముద్దుబిడ్డ రాజాజీ

పందొమ్మిదవ శతాబ్దపు చివరి ముప్పది సంవత్సరాలు దక్షిణ దేశానికి కష్టకాలమూ, సుకాలమూ కూడా. 1876 నుండి 1878 వరకు దారుణమైన కరువు వచ్చింది. ఒక్క సేలం జిల్లాలోనే 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య మూడు లక్షలకు పైగా జనం తగ్గిపోయారు. తెలుగు భాషకు ఎనలేని సేవ చేసిన బ్రౌను దొర 1884లో కన్నుమూశాడు. 1885లో కాంగ్రెసు మహాసభ పుట్టింది. ఆ రోజుల్లోనే దేశానికి పనికివచ్చిన మహనీయులు కూడా జన్మించారు. 1872లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు, 1880లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పుట్టారు. ఈ ఇద్దరికీ నడుమ, కరువు ముగిసే వేళ, 1878 డిసెంబరు 10వ తేదీన, హోసూరు దగ్గరి తొరపల్లి గ్రామంలో చక్రవర్తి రాజగోపాలాచారిగారు జన్మించారు. లోకం వారిని రాజాజీ అని పిలుచుకున్నది.

నేడు తొరపల్లి కృష్ణగిరి జిల్లాలో ఉన్నది. 1965 వరకు పాలకోడు, ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు అన్నీ సేలం జిల్లాలోనివే. కావున రాజాజీ జీవితం పాలకోడు వారికి పరాయివాని కథ కాదు. వారు చేసిన చట్టాలు మొట్టమొదట అమలు జరిగింది ఈ నేల మీదనే. ఆ చట్టాల వల్ల వర్తకులు నష్టపడ్డారు, లాభపడ్డారు. రెండూ చెప్పుకుంటేనే ఆ జీవితం పూర్తిగా అర్థమవుతుంది.

తండ్రి వెంకటార్య అయ్యంగారు ఆ గ్రామానికి మునసబు. తల్లి సింగారమ్మ. కుటుంబం కలిగినది కాదు. హోసూరులోను, బెంగుళూరు సెంట్రల్ కాలేజీలోను చదివి, చెన్నపట్నంలో న్యాయశాస్త్రం ముగించి, 1900లో సేలంలో వకీలుగా బోర్డు పెట్టారు. 1897లో అలమేలు మంగమ్మగారితో వివాహం జరిగింది. ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగారు. భార్య చిన్నతనంలోనే గతించగా రాజాజీ మరల పెండ్లి తలపెట్టలేదు.

సేలంలో వకీలు వృత్తి బాగా సాగింది. చేతినిండా పని, పేరు, సంపాదన. 1917లో పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. మరొకరైతే అక్కడితో తృప్తిపడి ఇళ్ళూ పొలాలూ కూడబెట్టుకునేవారు. 1919లో గాంధీ మహాత్ముడు చెన్నపట్నం వచ్చి వారి ఇంట బస చేశారు. దేశమంతటా హర్తాళ్ జరపాలన్న ఆలోచన గాంధీజీకి ఆ బసలోనే తట్టింది. కొద్దికాలానికే రాజాజీ కోర్టులు వదలిపెట్టారు. 1921 డిసెంబరులో వేలూరు జైలుకు వెళ్ళారు. 1925లో తిరుచెంగోడు దగ్గర పుదుపాళయంలో గాంధీ ఆశ్రమం స్థాపించి, ఒకప్పుడు వేలు ఆర్జించిన మనిషి పల్లె ప్రజల నడుమ చిన్న ఇంట కాపురముండి, రాట్నం తిప్పి, ఖద్దరు నేయించారు. 1930లో తిరుచిరాపల్లి నుండి వేదారణ్యం వరకు ఉప్పు సత్యాగ్రహ యాత్ర నడిపించి మళ్ళీ జైలు పాలయ్యారు.

ఆశ్రమంలో ఉన్నప్పుడే కల్లు, సారాయి పేదవాని ఇంటిని ఎట్లా కూల్చుతున్నవో వారు కళ్ళారా చూశారు. కూలివాడు సాయంకాలం తెచ్చిన డబ్బు ఇంటికి చేరక దుకాణంలోనే మిగిలిపోయేది. మరునాడు ఇల్లాలు చేతి వెండి కడియం తాకట్టు పెట్టేది. తాకట్టు పట్టినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు, వారి ఆవర్జాలోనే కనిపించేది.

1937 జూలైలో రాజాజీ చెన్న రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. మూడు నెలలు తిరగకముందే, అక్టోబరు 1వ తేదీ నుండి, సేలం జిల్లాలో మద్యపాన నిషేధం అమలు పెట్టారు. తరువాత 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు, 1939లో ఉత్తర ఆర్కాటుకు దానిని విస్తరించారు. మద్యం ముట్టరాదన్నది జైన గృహస్థులకు తరతరాల నియమం. ఆ నియమాన్ని రాజ్యమే చట్టంగా చేయడం చూసి సంతోషించనివారు ఉండరు.

అయితే అబ్కారీ ఆదాయం పోతే ఖజానా ఎట్లా నిండుతుంది? రాజాజీ కనుగొన్న మార్గం అమ్మకపు పన్ను. 1939లో చెన్న రాష్ట్రం చేసిన ఆ చట్టం దేశంలో మొట్టమొదటి సాధారణ అమ్మకపు పన్ను. పేదవాని తాగుడు మాన్పించిన ఖర్చును వర్తకుడు తన దుకాణంలో కూర్చుని వసూలు చేసి ఇచ్చినట్లయింది. లెక్కలు ప్రభుత్వానికి చూపవలసి వచ్చింది. వర్తకులు సభలు జరిపారు, అర్జీలు పెట్టారు. రాజాజీ వెనుదీయలేదు.

అంతకు ముందే 1938లో రైతుల రుణ విమోచన చట్టం వచ్చింది. అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు బాకీ తీరినట్లే అన్నారు. పాత బాకీల మీద 1937 అక్టోబరు నాటికి నిలిచిన వడ్డీ రద్దయింది. వడ్డీ వ్యాపారం చేసేవారికి ఇది పిడుగుపాటు. వరుస పంటలు పోయి, ధరలు పడిపోయి, వడ్డీకి వడ్డీ పెరిగి భూమి పోగొట్టుకునే రైతుకు మాత్రం ఊపిరి తిరిగింది. నష్టం తగిలినవారిలో కూడా ఆలోచనాపరులు ఒక మాట ఒప్పుకోక తప్పదు. పరిగ్రహానికి పరిమాణం ఉండాలని మన వ్రతాలు చెప్పేది కూడా ఇదే. తనంత తాను హద్దు పెట్టుకోనివానికి ఇతరులు హద్దు పెడతారు.

1939 అక్టోబరులో, యుద్ధం విషయమై, కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. యుద్ధకాలంలో నిషేధం ఆగిపోయింది, పన్ను ఆగలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1948 అక్టోబరు 2 నుండి నిషేధం రాష్ట్రమంతటా అమలయింది. అప్పటికి రాజాజీ ఢిల్లీలో గవర్నరు జనరలుగా ఉన్నారు. ఆ పదవిని అలంకరించిన భారతీయుడు వారొక్కరే.

1952లో మళ్ళీ చెన్న రాష్ట్ర ముఖ్యమంత్రి అయి, ధాన్యం మీది కంట్రోళ్ళను ఎత్తివేశారు. బియ్యం వర్తకులు అప్పుడు ఎంతో ఊరట పొందారు. తెలుగువారికి మాత్రం ఆ సంవత్సరం మరువరానిది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం చెన్నపట్నంలో నిరాహార దీక్ష పట్టిన పొట్టి శ్రీరాములుగారు డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. అప్పుడు ముఖ్యమంత్రి రాజాజీయే. ఆ నింద చాలామంది తెలుగువారి మనస్సుల్లో నిలిచిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. పిల్లలు సగంపూట బడిలోను, మిగతా పూట ఇంటి వృత్తిలోను గడపాలన్న వారి విద్యా పథకం కూడా తీవ్ర విమర్శకు గురి కాగా, 1954లో పదవి వదిలారు. ఆ ఏడే భారతరత్న బిరుదు వచ్చింది.

ఎనభయ్యవ పడిలో, 1959లో, ఆచార్య రంగాగారు మొదలైనవారితో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించారు. ప్రతి చిన్న పనికీ లైసెన్సు, పర్మిటు కావలసిన పద్ధతిని ఎదిరించారు. అమ్మకపు పన్ను వేసిన మనిషే వర్తకుని స్వేచ్ఛ కోసం నిలబడడం కొందరికి వింతగా తోచింది. వింత ఏమీ లేదు. తన పనికి ఖర్చెంతో చూచుకుని, ఆ మొత్తం అడిగి, అంతకు మించి జోక్యం చేసుకోరాదన్నది వారి మతం.

1971లో తమిళనాడు ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేయ తలపెట్టినప్పుడు రాజాజీ వయస్సు 92 ఏళ్ళు. వానలో ముఖ్యమంత్రి కరుణానిధిగారి ఇంటికి స్వయంగా వెళ్ళి, అట్లా చేయవద్దని ప్రాధేయపడ్డారు. ఆ మాట చెల్లలేదు. ఆ ఏడాదే దుకాణాలు తెరుచుకున్నాయి. మరుసటి సంవత్సరం, 1972 డిసెంబరు 25న, చెన్నపట్నంలో రాజాజీ పరమపదించారు.

కల్లు దుకాణం స్థానంలో పెట్టిన అమ్మకపు పన్ను నిషేధం పోయిన తరువాత కూడా మిగిలింది. 2007లో అది వ్యాట్‌గాను, 2017లో జీఎస్టీగాను రూపం మార్చుకున్నది. ఒక మంచి పని కోసం వర్తకుని మీద మోపిన బరువు ఉన్నది, ఆ మంచి పని మాత్రం లేదు. అయినా అడిగినవాడు తనకోసం ఏమీ అడగలేదు, కూడబెట్టలేదు. లెక్కలు చూడడం వృత్తిగా గలవారు ఆయన ఖాతా తెరిచి చూస్తే, తనకని వ్రాసుకున్న పద్దు ఒక్కటైనా కనిపించదు. అందుకే నష్టపడినవారు కూడా ఆ మనిషికి నమస్కరిస్తారు.