మనలాగే హాస్టల్‌లో పెరిగిన లూయీ బ్రెయిలీ



బ్రెయిలీ లిపి పేరు మనమందరం పాఠాల్లో చదువుకున్నాం. కానీ దాన్ని తయారుచేసిన లూయీ బ్రెయిలీ పదేళ్ల వయసులో ఇల్లు వదిలి హాస్టల్‌లో చేరినవాడనీ, 26 ఏళ్లకే క్షయ సోకితే ఆ జబ్బుతోనే పదహారేళ్లు పనిచేశాడనీ మనలో చాలామందికి తెలియదు. అందుకే ఆయన జీవితాన్ని ఈ సంచికలో మీ ముందుంచుతున్నాం.

లూయీ 1809 జనవరి 4న ఫ్రాన్స్‌లో, పారిస్‌కు దగ్గరలోని కూప్రే అనే పల్లెలో జన్మించాడు. తండ్రి గుర్రాల జీనులు కుట్టే తోలు పనివాడు. మూడేళ్లప్పుడు తండ్రి పనిచేసే చోట ఆడుకుంటుంటే ఆరె కంట్లో గుచ్చుకుంది. ఆ కన్ను చెడి, రెండో కంటికీ పాకింది. ఐదేళ్లకు చూపు పూర్తిగా పోయింది. అయినా తల్లిదండ్రులు ఊరి బడికి పంపారు. 1819లో ఉపకార వేతనంతో పారిస్‌లోని అంధుల వసతి పాఠశాలలో చేరాడు.

ఆ భవనం పాతది, చెమ్మ పట్టినది, గాలీ వెలుతురూ లేనిది. పుస్తకాలు కొన్నే, అవీ ఉబ్బెత్తు అక్షరాలతో మోయలేనంత బరువు. 1821లో బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కల రాత పద్ధతిని అక్కడికి తెచ్చాడు. అన్ని చుక్కలు ఒకేసారి వేలికొనకు అందవని గమనించిన లూయీ వాటిని ఆరుకు తగ్గించి, 1824 నాటికి, అంటే 15 ఏళ్లకే, కొత్త లిపి సిద్ధం చేశాడు. 1829లో అది పుస్తకంగా వచ్చింది. 1833లో అక్కడే ఉపాధ్యాయుడయ్యాడు.

1835లో క్షయ లక్షణాలు కనిపించాయి. అప్పటికి దానికి మందు లేదు. క్రిమిని రాబర్ట్ కాక్ 1882లో గానీ కనుగొనలేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో వచ్చింది. విశ్రాంతి, మంచి గాలి, తిండి తప్ప వేరే దారి లేదు. పాఠశాల పెద్ద పిన్యే ఆయన పని భారం తగ్గించాడు. జబ్బు ముదిరినప్పుడు బ్రెయిలీ కూప్రే వెళ్లి కోలుకుని, మళ్లీ వచ్చి పాఠాలు చెప్పేవాడు. ఆ మధ్యలోనే 1837లో తన పుస్తకాన్ని సవరించి మళ్లీ అచ్చు వేయించాడు. చూపున్నవారికి అంధులు ఉత్తరాలు రాసే పద్ధతిని 1839లో రూపొందించాడు.

1840లో వచ్చిన కొత్త పెద్ద ద్యుఫో చుక్కల లిపిని నిషేధించి, పుస్తకాలు తగలబెట్టించాడు. జబ్బు మనిషి బ్రెయిలీ ఒక్కడే ఏం చేయగలడు? ఆ లిపిని కాపాడింది విద్యార్థులే. చాటుమాటుగా రాసుకుంటూ, ఒకరికొకరు నేర్పుకున్నారు. చివరకు 1844లో కొత్త భవనం ప్రారంభోత్సవంలో అందరి ముందూ ఆ లిపిని చదివి చూపించారు. బ్రెయిలీ 1852 జనవరి 6న, 43 ఏళ్లకు కన్నుమూశాడు. ఆ పాఠశాల 1854లో ఆయన లిపిని అధికారికంగా స్వీకరించింది. మన దేశంలో 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడింది. నేడు తెలుగునూ ఆ ఆరు చుక్కలతోనే చదువుతున్నారు.

మిత్రులారా! బ్రెయిలీకి దొరకని మందు నేడు మనకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరుకుతుంది. మామూలు క్షయ ఆరు నెలల మందులతో నయమవుతుంది. మధ్యలో మానేస్తే మాత్రం మొండికేస్తుంది. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే దాచుకోకుండా వార్డెన్ గారికి చెప్పి తెమడ పరీక్ష చేయించుకోవాలి. క్షయ గాలి ద్వారా వస్తుంది గానీ పళ్లెం, గ్లాసు ద్వారా రాదు. కాబట్టి గది కిటికీలు తెరిచి ఉంచుదాం. జబ్బుపడిన మిత్రుడి పళ్లెం వేరు పెట్టవద్దు. అతనికి తప్పిపోయిన పాఠాలు మనమే చెబుదాం. పారిస్ హాస్టల్ పిల్లలు తమ మాస్టారి లిపిని నిలబెట్టారు, మనం మన తోటివాడి చదువు నిలబెడదాం.