పాతనగర తొలి తరం ప్రజాప్రతినిధి శ్రీమతి మాసూమా బేగం

హైదరాబాద్: చార్మినార్ నుండి దక్షిణంగా చాంద్రాయణగుట్టకు సాగే రహదారిపై శాలిబండ ఉన్నది. 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో ఆ పేరు గల నియోజకవర్గ ఓటర్లు ఒక మహిళను శాసనసభకు పంపారు. ఆమె శ్రీమతి మాసూమా బేగం. పదేళ్లు పాతనగరానికి ప్రాతినిధ్యం వహించి మంత్రి పదవిని అలంకరించిన ఆమె, తన పార్టీ రాష్ట్రంలో తిరిగి అధికారం పొందిన ఎన్నికలోనే పరాజయం పొందారు.

ఆసఫియా గ్రంథాలయ స్థాపనకు కారకులైన ఇమాద్-ఉల్-ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామి ఆమె మాతామహులు. తల్లి తయ్యబా బేగం విద్యావంతురాలు, రచయిత్రి. శ్రీమతి మాసూమా బేగం మహబూబియా బాలికల పాఠశాలలో విద్యనభ్యసించారు. భర్త శ్రీ హుస్సేన్ అలీ ఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల ఆచార్యులు. పరదా ఆచారం బలంగా పాటించే రోజులలోనే ఆమె మహిళా సంఘాల ద్వారా స్త్రీ విద్యకు, సంక్షేమానికి కృషి చేశారు.

1948లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. మరుసటి ఏడాది జాగీర్దారీ విధానం రద్దయింది. సంస్థాన కొలువులను, జాగీర్ల ఆదాయాన్ని నమ్ముకొన్న పాతనగర కుటుంబాలెన్నో జీవనాధారం కోల్పోయాయి. ఆ క్లిష్ట సమయంలో వయోజన ఓటు హక్కుతో ఎన్నికలు జరిగాయి. 175 స్థానాల శాసనసభలో కాంగ్రెస్ 93 స్థానాలు పొందగా, కమ్యూనిస్టులు ప్రజాతంత్ర ఫ్రంట్ పేరున పోటీచేసి ప్రధాన ప్రతిపక్షంగా నిలిచారు. శ్రీమతి మాసూమా బేగం కాంగ్రెస్ పక్షాన విజయం సాధించారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ఆంధ్ర ప్రాంత సభ్యులు 1955లోనే ఎన్నికైనందున, 1957లో తెలంగాణ స్థానాలకు మాత్రమే ఎన్నికలు జరిగాయి. అప్పుడు ఆమె పత్తర్‌గట్టి నుండి ఎన్నికయ్యారు. కాంగ్రెస్ శాసనసభా పక్ష ఉపనాయకురాలిగా వ్యవహరించారు. 1960లో శ్రీ దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ శాఖ బాధ్యతలు స్వీకరించారు. దేశంలో మంత్రి పదవి చేపట్టిన తొలి ముస్లిం మహిళగా ఆమెకు గుర్తింపు లభించింది.

1962 ఎన్నికలలో 300 స్థానాలకు గాను కాంగ్రెస్ 177 స్థానాలు గెలుచుకొన్నది. అయితే పత్తర్‌గట్టిలో మంత్రి హోదాలో ఉన్న శ్రీమతి మాసూమా బేగంపై మజ్లిస్‌కు చెందిన శ్రీ సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ స్వతంత్ర అభ్యర్థిగా విజయం సాధించారు. విలీనానంతరం కష్టనష్టాలకు లోనైన పాతనగరంలో, 1950ల చివర పునర్వ్యవస్థీకరణ పొందిన మజ్లిస్ ప్రజాదరణను కూడగట్టుకొన్నది. రాష్ట్రవ్యాప్త ఆధిక్యం గాని, మంత్రి పదవి గాని ఆ మార్పును నిలువరించలేకపోయాయి. ఏక పార్టీ ప్రాబల్యం గల రాష్ట్రంలో సైతం ఓటరు స్వతంత్ర నిర్ణయానికి చోటు ఉన్నదని ఆ ఫలితం నిరూపించింది.

పదవి దూరమైనా ఆమె ప్రజాసేవకు దూరం కాలేదు. అఖిల భారత మహిళా మహాసభ అధ్యక్ష బాధ్యతలను నిర్వహించారు. సమాజ సేవకు గుర్తింపుగా 1974లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. 1990లో ఆమె పరమపదించారు.

అప్పటికి నియోజకవర్గాల పునర్విభజన జరిగి, చాంద్రాయణగుట్ట పేరుతోనే 1978 నుండి శాసనసభ స్థానం ఏర్పడింది. పాతనగర ఎన్నికల చరిత్రను పరిశీలించే వారికి, తొలి రెండు ఎన్నికలలో ప్రజలు ఒక మహిళపై ఉంచిన విశ్వాసం స్మరణీయ అధ్యాయం.