డొరొతియా లాంగ్

డొరొతియా లాంగ్ 1895వ సంవత్సరమున అమెరికాలోని హోబోకెన్ పట్టణమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున పోలియో సోకుటచే ఆమె కుడికాలు కుంటుపడెను. ఆ కుంటితనము జీవితాంతము వీడలేదు. ఐనను ఆమె మారుమూల పల్లెలు తిరుగుట మానలేదు.

యౌవనమున ఆమె శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఫొటో స్టూడియో నెలకొల్పి, ధనవంతుల ఛాయాచిత్రములు తీయుచు సుఖముగా జీవించుచుండెను. 1929లో ఆర్థికమాంద్యము దేశమును క్రమ్మెను. పనిలేక వీథులలో తిరుగు జనులను కిటికీనుండి చూచిన ఆమె హృదయము ద్రవించెను. కెమెరా చేతబూని ఆమె వీథిలోనికి వచ్చెను. 1935లో ప్రభుత్వోద్యోగమున చేరి పల్లెలబాట పట్టెను.

అనావృష్టివలనను, ధూళితుపానులవలనను పొలములు కోల్పోయిన రైతులు పాత కార్లలో సామానులు వేసికొని కూలిపనికై కాలిఫోర్నియాకు వలసపోవుచుండిరి. లాంగ్ ముందుగా వారితో మాటలాడి, కష్టసుఖములు విని, పిమ్మట వారి గుడారములను, పొలములలోని పనిని, కాయలు కాచిన చేతులను ఛాయాచిత్రములుగా తీయుచుండెను. వారి మాటలను పుస్తకమున వ్రాసికొనుచుండెను.

1936 మార్చిలో నిపోమో అను గ్రామమువద్ద బఠానీపైరు చలికి చెడెను. కోతకు వచ్చిన కూలీలు పస్తులుండిరి. అచట గుడారములో బిడ్డలతో కూర్చున్న ఒక తల్లిని లాంగ్ ఫొటో తీసెను. తొందరలో పేరైనను అడుగలేదు. ఆ చిత్రములు పత్రికలో వెలువడగానే ప్రభుత్వము ఆ శిబిరమునకు 20,000 పౌన్ల ఆహారము పంపెను. కాని ఆ తల్లి అప్పటికే బిడ్డలతో వేరొకచోటికి పోయియుండెను.

లాంగ్ 1965లో మరణించెను. ఆ తల్లి ఎవరో లోకమునకు 1978లో గాని తెలియలేదు. జగత్ప్రసిద్ధమైన ఆ చిత్రమువలన తనకేమియు దక్కలేదని ఆమె వగచెను. ఒక్క ఛాయాచిత్రము ఎందరి ఆకలినో తీర్చెను. అందలి తల్లి ఋణము మాత్రము తీరలేదు.