పాప్వా సెవ్‌గోలమ్

వెంకటగిరికోట ప్రాంతము పూర్వము ఉత్తరార్కాడు జిల్లాలోనిది. ఆ జిల్లానుండి పందొమ్మిదవ శతాబ్దమున అనేక కుటుంబములు చెన్నపట్టణపు రేవులో ఓడ లెక్కి, చెఱకుతోటలలో కూలిపనికై దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమకు వెడలిపోయెను. 1860లో మొదలైన ఆ వలసలో తెలుఁగువారును, తమిళులును, ఉత్తరదేశీయులును గలరు. అట్లేర్పడిన భారతీయ సమాజమునందే, డర్బను నగరమున, మిక్కిలి బీదయింట పాప్వా సెవ్‌గోలమ్ జనించెను. అతనికి చదువబ్బలేదు.

గాల్ఫు ఆటలో విశాలమైన పచ్చికబయలునందు చిన్నబంతిని కఱ్ఱతో కొట్టుచు, పదునెనిమిది గుంటలలో వరుసగా పడవేయవలెను. పెక్కు యాటలలో లెక్క పెరిగినవాఁడు గెలుచును. ఇందు తక్కువ దెబ్బలతో ముగించినవాఁడే విజేత. పాప్వా బాల్యమున తెల్లదొరల గాల్ఫు సంచులను మోయుచు ఈ యాటను కన్నులతోనే నేర్చెను. కుడిచేతి వాటము గలవారు ఎడమచేతిని పైనను, కుడిచేతిని క్రిందను ఉంచి కఱ్ఱను పట్టుదురు. అతఁడు చేతులు తాఱుమాఱుగా పట్టెడివాఁడు. చెప్పువారు లేకపోవుటయే కారణము కాఁబోలు! ఆ పట్టు చూచువారికి వింతయే గాని, బంతి మాత్రము తిన్నగా పోయెడిది.

గ్రాహాము వుల్ఫ్ అను వ్యాపారి అతని నేర్పును గుర్తించి ఐరోపాకు పోవుటకు తోడ్పడెను. 1959లో పాప్వా హాలెండు దేశపు ఓపెన్ పోటీని గెలిచెను. 1960లోను, 1964లోను మరల గెలిచెను.

పరదేశమున లభించిన గౌరవము స్వదేశమున లభింపలేదు. అచ్చట వర్ణభేద శాసనములు మనుష్యులను విడఁదీయుచుండెను. 1963లో నేటాలు ఓపెన్ పోటీలో శ్వేతజాతి క్రీడాకారుల నెల్లరను ఓడించి పాప్వా ప్రథముఁడయ్యెను. బహుమాన ప్రదాన సమయమున వాన కురియుచుండెను. ఓడినవారు క్లబ్బు భవనములో పొడిగా నుండిరి. గెలిచినవానికి ఆ గడప దాఁటు హక్కు లేదు! అతఁడు వెలుపల తడియుచునే బహుమానమును గైకొనెను. ఆ ఛాయాచిత్రము ప్రపంచ పత్రికలలో వెలువడఁగా దక్షిణాఫ్రికా ప్రభుత్వము తలవంపుల పాలయ్యెను.

1965లో పాప్వా అదే పోటీని మరల గెలిచెను. ఈసారి ఓడినవారిలో, ఆ యేఁటనే అమెరికా ఓపెన్‌ను గెలిచిన గేరీ ప్లేయర్ కూడ నుండెను. ప్రభుత్వ మిఁక సహింపలేదు. తెల్లవారి పోటీలలో పాల్గొనరాదని అతనిని నిషేధించెను. విదేశయాత్రకు వలయు పాస్‌పోర్టునుగూడ లాగికొనెను. ఆటయే జీవనమైనవానికి ఇంట నాడుటకు వీలు లేదు, వెలుపలికి పోవుటకును వీలు లేదు. ఆ నిర్బంధములోనే, పేదఱికమున, 1978లో పాప్వా మరణించెను. డర్బను నగరమున ఒక గాల్ఫు మైదానము అతని పేరు వహించి యున్నది.