ఉపాధి లెక్కలకు బాట వేసిన ఆచార్య మహలనోబిస్

(జూన్ 29 గణాంక దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ఒక వ్యక్తికి పని ఉన్నదా, లేదా అని తేల్చడం పైకి సులభంగా కనిపించినా గణాంక శాస్త్రంలో అదొక చిక్కు సమస్య. నెల జీతం తీసుకునే గుమాస్తా విషయంలో సందేహం ఉండదు. నాట్లకు, కోతలకు కొద్ది రోజులు కూలికి వెళ్లి, తక్కిన కాలం సొంత గేదెను మేపుకునే వ్యక్తిని ఏ పట్టికలో చేర్చాలి? ఇటువంటి ప్రశ్నలకు దేశమంతటా ఇంటింటి సమాచారం సేకరించగల యంత్రాంగానికి రూపకల్పన చేసిన వారు ఆచార్య ప్రశాంత చంద్ర మహలనోబిస్.

1893 జూన్ 29న కలకత్తాలో జన్మించిన ఆయన అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలోను, కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలోను విద్యాభ్యాసం చేశారు. చదివింది భౌతిక శాస్త్రం. స్వదేశానికి వస్తూ వెంట తెచ్చుకున్న బయోమెట్రికా పత్రిక సంపుటాలు ఆయనను గణాంక శాస్త్రం వైపు మళ్లించాయి. ఆయన స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1932లో రిజిస్టరు అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1941లో అక్కడికే చేరారు.

బెంగాల్ జనపనార పంటపై 1937లో ప్రారంభించిన సర్వేలు ఆయన పద్ధతికి గీటురాయిగా నిలిచాయి. ఒకే ప్రాంతం నుంచి వేర్వేరు నమూనాలు తీసి, వేర్వేరు బృందాలచే లెక్కింపజేసి, ఫలితాలను పోల్చి చూసేవారు. తేడా ఎక్కువగా వస్తే దోషం ఎక్కడో ఉన్నట్లే. లెక్క తీసే సిబ్బంది పనినే లెక్కకు పెట్టిన ఈ ఏర్పాటు నేటికీ అధికారులు గమనించదగినది.

జాతీయ ఆదాయ సంఘానికి 1949లో అధ్యక్షత వహించిన ఆచార్యుల చొరవతో 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమైంది. తొలి విడతకు 1,833 గ్రామాలు ఎంపికయ్యాయి. 1955లో జరిగిన 9వ విడతలో ఉపాధి, నిరుద్యోగంపై అఖిల భారత స్థాయిలో సమాచారం సేకరించారు. అదే ఏడాది ఆయన ప్రణాళికా సంఘంలో ప్రవేశించి, రెండవ పంచవర్ష ప్రణాళిక రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించారు.

నిర్వచనాలన్నీ ఆయన ఒక్కరివే కావు. వారం రోజులను ప్రాతిపదికగా తీసుకున్న నాటి సర్వేలలో కొద్దిపాటి పని చేసిన వారు సైతం ఉపాధి పొందినవారిగానే నమోదయ్యారు. ఖాళీగా కూర్చునే స్తోమత లేని పేదలు ఏదో ఒక పని చేస్తూనే ఉంటారు కనుక గ్రామాలలో నిరుద్యోగం స్వల్పంగా కనిపించింది. అరకొర పని మరుగున పడింది. ఈ లోపాన్ని పరిశీలించిన దంత్‌వాలా సంఘం, మొత్తం నిరుద్యోగులు ఇందరని ఒకే అంకె చెప్పడం తగదని 1970లో నివేదించింది.

ఆచార్యులు 1972 జూన్ 28న, 79వ జన్మదినానికి ఒక రోజు ముందు కన్నుమూశారు. ఆ అక్టోబరులో మొదలైన 27వ విడతలో ఏడాది, వారం, రోజు అనే మూడు కొలమానాలు అమలులోకి వచ్చాయి. రోజువారీ లెక్కలో నాలుగు గంటలు, అంతకు మించి చేసిన పని పూర్తి దినంగాను, గంట నుంచి నాలుగు గంటల లోపు పని అర దినంగాను నమోదవుతుంది. 2017లో ప్రారంభమైన నిర్ణీతకాలిక శ్రామిక శక్తి సర్వే ఏడాది, వారం కొలమానాలను కొనసాగించింది. 2025 నుంచి నెలవారీ అంచనాలు కూడా వెలువడుతున్నాయి. ఇంట్లో వంట, పిల్లల పోషణకే పరిమితమైన మహిళ ఈ సర్వేలలో శ్రామిక శక్తి వెలుపలే ఉంటారు.