రేఖాపటంతో మరమ్మతులు తగ్గించిన షూహార్ట్

చెడిపోయిన యంత్రాన్ని బాగుచేసేవాడిని లోకం మెచ్చుకొంటుంది. అసలు చెడిపోకుండా నిర్మించే మార్గం చూపినవాడు చాలమందికి జ్ఞాపకముండడు. టెలిఫోను పరిశ్రమలో అట్టి మార్గం చూపిన శాస్త్రజ్ఞుడు వాల్టర్ ఆండ్రూ షూహార్ట్.

ఆయన 1891 మార్చి 18వ తేదీన అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, న్యూ కాంటన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదివి, 1917లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి భౌతిక శాస్త్రంలో డాక్టరేటు పొందారు. మరుసటి సంవత్సరం వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా చేరారు. షికాగో సమీపాన ఆ కంపెనీకి గల హాథార్న్ కర్మాగారం బెల్ టెలిఫోను వ్యవస్థకు పరికరాలు తయారుచేసేది.

ఆ రోజులలో అమెరికాలో బెల్ వ్యవస్థవారి టెలిఫోను యంత్రం చందాదారుని సొత్తు కాదు, కంపెనీదే. చందాదారుడు అద్దె చెల్లించి వాడుకొనేవాడు. కనుక అది చెడిపోతే బాగుచేసే ఖర్చు కంపెనీయే భరించవలసి వచ్చేది. ఇంటిలోని యంత్రానికైతే మనిషిని పంపవచ్చును. భూమిలో పాతిన పరికరం చెడితే నేల త్రవ్వక తప్పదు. స్వల్ప విలువగల భాగంలోని లోపానికి అంతకు ఎన్నోరెట్లు మరమ్మతు ఖర్చయ్యేది. కావున పరికరాలు తయారీలోనే నమ్మదగినవిగా ఉండడం అత్యవసరమైంది.

అప్పటి పద్ధతి ఏమంటే, వస్తువులు తయారైన తరువాత పరీక్షించి చెడ్డవాటిని ఏరివేయడం. అప్పటికే లోహమూ, శ్రమా వ్యర్థమైపోయేవి. పోనీ, కొలత కొంచెం హెచ్చినప్పుడల్లా యంత్రాన్ని తగ్గించి, తగ్గినప్పుడల్లా హెచ్చిస్తే బాగుపడుతుందా? అట్లా సవరించినకొద్దీ వస్తువులలో తేడాలు మరింత పెరుగుతాయి.

ఈ చిక్కును షూహార్ట్ సంఖ్యాశాస్త్రంతో విప్పారు. ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒక్కటిగా ఉండవు. వాటి మధ్య తేడాలకు కారణాలు రెండు విధాలు. తయారీ విధానంలోనే ఇమిడి ఉన్న అసంఖ్యాకమైన చిన్న కారణాలు మొదటివి. అరిగిన పనిముట్టు, నాసిరకం ముడిసరుకు వంటి విశేష కారణాలు రెండవవి. వీటిని వేరుచేసి గుర్తించడమెట్లు? 1924 మే 16వ తేదీన ఆయన తన పై అధికారి జార్జి ఎడ్వర్డ్సుకు ఒక పుటకు మించని లేఖ వ్రాసి, అందులో ఒక పటం గీచి చూపారు. మధ్య సగటు గీత, దానికి పైనా క్రిందా హద్దు గీతలు. బిందువులు ఏ వరుసా లేక హద్దుల మధ్య చెదిరి ఉంటే యంత్రాన్ని ముట్టకూడదు. హద్దు దాటితే వెంటనే కారణం వెదకవలెను. ఇదే నియంత్రణ పటం.

ఉపాధ్యాయులకు ఇది సులభంగా బోధపడుతుంది. ఒక విద్యార్థికి వరుసగా 62, 58, 65, 60 మార్కులు వచ్చాయనుకొందాం. 58కి మందలించి 65కి పొగడడం వలన ప్రయోజనం లేదు. అవి మామూలు హెచ్చుతగ్గులు. హఠాత్తుగా 30 వస్తే మాత్రం, జ్వరమో, ఇంటిలో ఇబ్బందో విచారించాలి. సగటే పెరగవలెనంటే బోధనాపద్ధతి మారాలి. కర్మాగారంలోనూ అంతే: సగటును మార్చేది పనివానిపై కోపం కాదు, పరికరం రూపకల్పనా, తయారీ విధానమూను.

1925లో బెల్ పరిశోధనాలయం ఏర్పడగా, షూహార్ట్ అందులో 1956 వరకు పనిచేశారు. 1931లో నాణ్యతా నియంత్రణపై ఆయన ఉద్గ్రంథం వెలువడింది. ఆయన శైలి కఠినం, సామాన్య పాఠకునికి కొరుకుడుపడదు. ఆయన భావాలను సుబోధంగా ప్రచారం చేసినవారిలో ముఖ్యుడు ఎడ్వర్డ్స్ డెమింగ్. డెమింగ్ 1950లో జపానులో చేసిన ఉపన్యాసాల ద్వారా ఆ భావాలు అక్కడి పరిశ్రమలకు చేరాయి.

మన దేశానికీ షూహార్ట్ ఋణం ఉంది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై 1947-48లో ఆయన భారతదేశానికి వచ్చి, పారిశ్రామికులకు ఈ పద్ధతిని పరిచయం చేశారు. మహలనోబిస్ స్థాపించిన కలకత్తా సంఖ్యాశాస్త్ర సంస్థకు తరువాత హైదరాబాదులోనూ నాణ్యతా నియంత్రణ శాఖ ఏర్పడింది.

1967 మార్చి 11న, 76వ పుట్టినరోజుకు వారం ముందు, ఆయన కన్నుమూశారు. తప్పు జరిగినప్పుడు మనిషిని నిందించబోయే ముందు, అది మామూలు హెచ్చుతగ్గా, విశేష కారణం వల్ల కలిగిందా అని విచారించుకోవడం ఆయన నేర్పిన పాఠం. టెలిఫోను కర్మాగారంలో పుట్టిన ఆ పాఠం బడిలోనూ పనికివస్తుంది.