బడి పిల్లల కోసం కెమెరా పట్టిన హెర్క్ హార్వీ

హెర్క్ హార్వీ అనగానే పాత హాలీవుడ్ సినిమాలు చూసేవాళ్లకు ఒక దెయ్యం సినిమా గుర్తొస్తుంది. నిజానికి ఆయన తీసిన పెద్ద సినిమా అదొక్కటే. ఉద్యోగమంతా గడిచింది మాత్రం క్లాసురూముల్లో, ఫ్యాక్టరీల్లో చూపించే చిన్న సినిమాలతో. అవన్నీ కలిపి 400 దాకా ఉంటాయి.

హార్వీ 1924లో అమెరికాలోని కొలరాడోలో పుట్టారు. యుద్ధకాలంలో నేవీలో పనిచేశారు. తర్వాత కాన్సాస్ యూనివర్సిటీలో నాటకరంగం చదివి, కొన్నాళ్లు అక్కడే పాఠాలు చెప్పారు. ఆ యూనివర్సిటీ ఉన్న లారెన్స్ ఊళ్లోనే 1947లో సెంట్రాన్ అనే చిన్న కంపెనీ మొదలైంది. బడులకు సినిమాలు తీసి ఇవ్వడమే దాని పని. 1950ల మొదట్లో హార్వీ అందులో చేరారు, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయారు.

ఆయన పనితనం తెలియాలంటే 1958లో తీసిన 'ది స్నాబ్' చూడాలి. సారా అనే అమ్మాయి బాగా చదువుతుంది, తోటి పిల్లల్ని చిన్నచూపు చూస్తుంది. వాళ్లూ ఆమెను దూరం పెడతారు. తప్పు సారాదా, వాళ్లదా? సినిమా తేల్చదు. మీరేమనుకుంటున్నారని పిల్లల్నే అడిగి ఆగిపోతుంది. ఇక మాట్లాడుకోవాల్సింది క్లాసే. పిల్లలకు నీతి చెప్పేసి చేతులు దులుపుకోవడం తేలిక. ఇలా మధ్యలో వదిలేయాలంటే వాళ్ల తెలివి మీద నమ్మకం ఉండాలి.

ఒకసారి కాలిఫోర్నియా నుంచి కారులో తిరిగొస్తుంటే, సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఉప్పు సరస్సు ఒడ్డున పాడుబడ్డ సాల్టెయిర్ డ్యాన్స్ హాలు ఆయన కంటపడింది. సెంట్రాన్‌లో తోటి ఉద్యోగి జాన్ క్లిఫర్డ్‌తో కథ రాయించారు. మూడు వారాలు సెలవు పెట్టి, సుమారు 30 వేల డాలర్లతో 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' తీశారు. ముఖానికి తెల్లరంగు పూసుకుని దెయ్యం వేషం కూడా ఆయనే కట్టారు.

1962లో సినిమా విడుదలైంది. డిస్ట్రిబ్యూషన్ కంపెనీ దివాలా తీసింది, చేతికి పైసా రాలేదు. దానికి తోడు ప్రింట్ల మీద కాపీరైట్ లైను పడలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లైను లేకపోతే హక్కులు పోయినట్టే! ఎవరు చూపించుకున్నా హార్వీకి కట్టాల్సిందేమీ లేదు.

ఆయన మళ్లీ సెంట్రాన్ పనిలో పడ్డారు. ఇంకో పెద్ద సినిమా తీయలేదు. క్యాటర్‌పిల్లర్ కంపెనీ కోసం, భారీ యంత్రాల దగ్గర కార్మికులు ప్రమాదాల్లో పడకుండా ఒక సినిమా తీశారు. అది ఇప్పటికీ జనానికి గుర్తుంది. 1989లో 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' మళ్లీ థియేటర్లకు వచ్చింది. పేరు అప్పుడు దక్కింది, అప్పటికి ఆయన వయసు 65.

1996 ఏప్రిల్ 3న లారెన్స్‌లోనే కన్నుమూశారు. 'ది స్నాబ్' ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది, నిడివి పావుగంట లోపే.